కుడికాలు ముందు పెట్టి

ఆ చలికాలమంతా నా ఫోన్ నిండా స్నోబోర్డులే, రెండు కాళ్ళూ కట్టుకుని మంచు కొండ జారే పలకలు. ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే బల్ల కింద స్నోబోర్డులు, కుక్కర్ కూతకోసం చూస్తూ స్నోబోర్డులు, ట్రామ్‌లో నిలబడి స్నోబోర్డులు. కాన్‌బెరాలో మేముండే హారిసన్‌లో దిగాల్సిన దాన్ని ఒకరోజు చివరి స్టాప్ దాకా పోయి, చలిలో వణుకుతూ వెనక్కి వచ్చే బండి ఎక్కాను. కొనడం ఇష్టం లేక కాదు, ఏది కొనాలో తేలక. నాకు కుదురు లేదని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. అప్పట్లో ఒప్పుకోలేదు గానీ, ఆ రెండు నెలలూ నన్ను చూసి నాకే విసుగొచ్చింది.

మాది కాకినాడ. మా ఆయనది వరంగల్. ఆయనకు పరేషాన్ అన్న మాట తెలుసు గానీ, పరేషాన్ అవడం తెలియదు.

“బోర్డు ఏదైతేంది? కొండ గదే గదా. ఎక్కుడు, జారుడు, పడుడు. దానికి గింత రీసెర్చా?” అన్నారు ఒక సాయంత్రం నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగిచూస్తూ.

“పడేది నేను కదండీ.”

“గందుకే అంటున్న. పడేటోళ్ళకు ఏ బోర్డైనా ఒక్కటే.”

నేను గరిటె ఎత్తాను. ఆయన నవ్వుకుంటూ టీ కప్పు పట్టుకుని అవతలి గదిలోకి పోయారు.

అసలు మంచుకూ మాకూ సంబంధం మొదలైంది అందరికీ మొదలైనట్టే. కాన్‌బెరా వచ్చిన తొలి చలికాలం, పులిహోర కట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, కూమా ఊరి మీదుగా మంచు కొండల్లోకి వెళ్ళాం. ప్లాస్టిక్ స్లెడ్ మీద నాలుగుసార్లు జారి, ఫొటోలు దిగి, వేళ్ళు కొంకర్లు పోయాక కారు హీటర్ ముందు చేతులు పెట్టుకుని తిరిగొచ్చాం. దానితో ఆ ముచ్చట తీరిందనుకున్నాం. మా అమ్మాయికి తీరలేదు. స్కూలు వాళ్ళు తీసుకెళ్ళిన ట్రిప్పులో స్నోబోర్డు ఎక్కి వచ్చింది, ఇక ఇంట్లో వేరే మాట లేదు. మా ఆయన కూడా ఒకసారి స్కీలు కట్టుకున్నారు. రెండు గజాలు జారి, వెల్లకిలా పడి, ఆకాశంలోకి చూస్తూ “మనతోని కాదు” అని ప్రకటించారు. అప్పటినుంచి మమ్మల్ని కొండ దగ్గర దింపి, కెఫేలో కిటికీ పక్కన కూర్చుని క్రికెట్ చూస్తారు. ఆయనకు అందులో ఏ లోటూ కనిపించదు.

నేను అలా ఒప్పుకునే రకాన్ని కాదు. కన్నకూతురు కొండ మీద తిరుగుతుంటే కింద బ్యాగులు కాపలా కాయమంటే నావల్ల కాదు. నలభై దాటాక, ఎవరు ఎన్ని అన్నా వినకుండా, అద్దె బోర్డు కట్టుకుని పిల్లల వాలు మీద నిలబడ్డాను. అది మూడేళ్ళ కిందటి మాట. మూడు చలికాలాల్లో నాకు వచ్చింది ఒక్కటే, మడమల మీద బరువు వేసి, బోర్డును అడ్డంగా పెట్టి, గోకుతున్నట్టుగా కిందికి దిగడం. వేళ్ళ మీదికి బరువు మార్చి అటువైపు తిరగాలంటే మాత్రం ప్రతిసారీ మొహం మంచులో గుచ్చుకునేది. మణికట్టు బెణికింది, తుంటి మీద నల్లగా కమిలింది, ఒకసారి కళ్ళద్దాలు పోయాయి.

మా అమ్మాయి నాకోసం ఆగేది. ప్రతి మలుపులోనూ ఆగి, వెనక్కి తిరిగి చూసేది. నేను పడి ఉంటే లేచేదాకా చూసేది. లేచి చెయ్యి ఊపితే మళ్ళీ కొంచెం దిగి, మళ్ళీ ఆగేది.

పోయిన సీజన్ చివర్లో, పిల్లల వాలు లిఫ్ట్ దగ్గర వరసలో నిలబడ్డాం. దాని స్కూలు స్నేహితురాళ్ళు ఎదురయ్యారు. పైదాకా పోదాం రమ్మని పిలిచారు.

“కాంట్. అయామ్ విత్ మమ్,” అంది మా అమ్మాయి.

గొంతులో విసుగు లేదు. అదే నన్ను కాల్చింది. విసుక్కుని ఉంటే నాలుగు తిట్టేదాన్ని, ఇద్దరి మనసూ తేలికపడేది. రేపు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అన్నంత మామూలుగా చెప్పింది. ఆ పిల్లలు పైకి పోయారు. ఇది నాతో పాటు పసిపిల్లల వాలు దిగింది. తిరుగు దారిలో కారు వెనక సీట్లో అది నిద్రపోతుంటే, అద్దంలో దాన్నే చూస్తూ కూర్చున్నాను.

దానికి పదిహేనేళ్ళు. ఇంకో రెండు చలికాలాలు పోతే యూనివర్సిటీ అంటుంది, ఎటు పోతుందో తెలియదు. ఉన్న ఈ కాస్త కాలంలో దాని పక్కన కొండ దిగగలిగిన మనిషినైనా కావాలి, లేదా బూట్లు విప్పేసి మా ఆయన పక్కన కిటికీ దగ్గరైనా కూర్చోవాలి. ఈ రెండింటి మధ్య దాన్ని నాకు కట్టేసి ఉంచడం ఇక వద్దు. ఈ సీజన్‌లో ఏదో ఒకటి తేల్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ముందుగా, తప్పు బోర్డుదని తేల్చేశాను. అద్దె బోర్డుల అంచులు అరిగిపోయి మొండిగా ఉంటాయి, పట్టు దొరకదు. నాదంటూ ఒక మంచి బోర్డు ఉంటే అన్నీ సర్దుకుంటాయి. ఆ నమ్మకంతో వెతకడం మొదలుపెట్టాను, అక్కడే ఇరుక్కుపోయాను.

బోర్డుల్లో ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు? గెంతులు వేసే కుర్రాళ్ళకు మెత్తగా వంగేవి, లోతైన కొత్త మంచులో తేలడానికి ముక్కు వెడల్పుగా ఉన్నవి, వేగంగా దూసుకుపోయే వాళ్ళకు చెక్కలా బిగుసుకుపోయినవి. ఇక్కడి కొండల సంగతి చూస్తే పొద్దున గాజుపలకలాంటి గడ్డ మంచు, మధ్యాహ్నానికి కాళ్ళకింద పిసపిసలాడే తడి మంచు, అదృష్టం బాగుంటే ఎప్పుడో ఒకరోజు కొత్త మంచు. ఒక్క రోజులోనే మూడు కాలాలు. వీటన్నిటికీ పనికొచ్చేదాన్ని ఆల్-మౌంటెన్ బోర్డు అంటారట. దోసెకూ చపాతీకీ ఆమ్లెట్‌కూ ఒకటే పెనం లాగా. మా ఇంట్లో పెనం కూడా ఒకటే, కాబట్టి ఆ మాట నాకు నచ్చింది.

నచ్చిన ప్రతి బోర్డు కిందా ఒక వాక్యం ఉండేది, ఇంటర్మీడియట్ రైడర్లకు అనువైనది అని. మన వాళ్ళకు ఇంటర్మీడియట్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఎంపీసీ, బైపీసీ, తెల్లవారకముందే స్టడీ అవర్, వారానికో పరీక్ష, గోడ మీద ర్యాంకులు. ఆ మాట కనిపించగానే ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. స్నోబోర్డు కొనబోతే కూడా ఇంటరే అడ్డం పడాలా? ఇంతకీ నేను ఇంటర్‌కు వచ్చానా, ఇంకా టెన్త్‌లోనే ఉన్నానా? బోర్డు నా స్థాయికి మించినదైతే నన్ను విసిరికొడుతుంది, తక్కువదైతే నన్ను అక్కడే ఆపేస్తుంది. ఆ సంగతి తేలకుండా కొనడం ఎలా?

మా అమ్మాయినే అడిగాను. సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోన్ చూస్తోంది.

“అమ్మడూ, నేను ఇంటర్మీడియటేనా?”

తల ఎత్తలేదు. “లైక్, ఎమోషనల్లీ?”

“బోర్డు మీదే తల్లీ!”

అప్పుడు తలెత్తి, పాపం నిజంగానే ఆలోచించింది. “యూ ఆర్ ఎ వెరీ స్ట్రాంగ్ బిగినర్, అమ్మా.”

స్ట్రాంగ్ బిగినర్! టెన్త్ మూడుసార్లు తప్పినవాణ్ణి పట్టుకుని అనుభవం గల విద్యార్థి అన్నట్టుంది. నవ్వాను గానీ వంటింట్లోకి పోయి గిన్నెలు కొంచెం గట్టిగానే తోమాను.

ఆ శనివారం ఫిష్‌విక్‌లో స్నోబోర్డులమ్మే దుకాణానికి వెళ్ళాను. గోడ పొడుగునా రంగురంగుల బోర్డులు నిలబెట్టి ఉన్నాయి. అమ్మే అబ్బాయి ఓపికగలవాడు. నా బరువు అడిగాడు. చీరల కొట్లో కూడా ఎవరూ అడగని ప్రశ్న. చెప్పాను, పక్కన ఎవరూ లేకుండా చూసి. బూటు కొలత అడిగాడు, పాదం బోర్డు దాటి వేలాడితే మంచులో తగులుకుంటుందట. ఒక బోర్డును నేలకు ఆనించి మధ్యలో నొక్కి వంచి చూపించాడు. మరీ మెత్తనిది గడ్డ మంచు మీద వణుకుతుంది, మరీ గట్టిది చిన్న తప్పును కూడా క్షమించదు, మీకు మధ్యరకం వంపు కావాలి అన్నాడు. నడుం దగ్గర కొంచెం పైకి వంగి, రెండు కొసలూ కాస్త లేచి ఉన్నవైతే పట్టూ ఉంటుంది, పడేయడమూ తక్కువ అన్నాడు. ఇంతవరకూ బాగానే ఉంది. అందులోనే రెండు మిగిలాయి. ఒకదానికి ముక్కూ తోకా వేరువేరు, ముందుకే పోవడానికి చేసినది. రెండోదానికి ముక్కూ తోకా ఒకటే, అటైనా ఇటైనా పోవచ్చు.

“రెగ్యులర్ ఆర్ గూఫీ?” అని అడిగాడు.

అతను అడిగినవాటిలో నేను తడుముకోకుండా జవాబు చెప్పగలిగింది అదొక్కటే. “గూఫీ,” అన్నాను దర్జాగా. బోర్డు మీద పక్కకు తిరిగి నిలబడతాం కదా, ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ. ఎక్కువమంది రెగ్యులరే. మొదటిరోజు అద్దె కౌంటర్ దగ్గర ఒక కుర్రవాడు నన్ను ఎదురుగా ఉన్న మెట్టు ఎక్కమన్నాడు. ఎక్కాను. కుడికాలు ముందు పడింది. గూఫీ అని చెప్పి, బూట్లు బిగించే పట్టీలు ఆ ప్రకారం బోర్డుకు అమర్చి ఇచ్చాడు. అప్పటినుంచి ఎవరడిగినా అదే చెప్పేదాన్ని.

ఆ రోజు ఏదీ కొనకుండానే ఇంటికొచ్చాను. ముందుకే పోయేదా, అటూ ఇటూ పోయేదా? మళ్ళీ శనివారం వెళ్ళాను, మళ్ళీ ఖాళీ చేతులతో వచ్చాను. మధ్యలో ఒకరోజు లంచ్ టైములో కూడా వెళ్ళి, రెండిటినీ పక్కపక్కన పెట్టించుకుని చూసి, మీటింగ్‌కు ఆలస్యమైపోయాను.

“ఆ పిల్లగాడు నిన్ను చూస్తే దుకాణం బందు పెట్టి పోతడు,” అన్నారు మా ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర.

ఎప్పుడైనా అయితే నవ్వేదాన్నే. ఆరోజు ఒళ్ళు మండింది. “మీకేం, కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతారు. అవతల అది నాకోసం స్నేహితుల్ని వదులుకుంటుంటే మీకు కనిపిస్తుందా?”

ఆయన ముద్ద కలపడం ఆపారు. “నువ్వు గూడ వచ్చి కూసో. ఎవరొద్దన్నరు? దానికి ఖుషే, నీకు నొప్పులుండయి.”

ప్రేమగానే అన్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన చెప్పినది సబబుగా ఉంది, అందుకే నాకు అంత భయం వేసింది. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాను.

తర్వాతి బుధవారం చెత్త తీసుకుపోయే రోజు. జూలై నెల, ఇక్కడ నడి చలికాలం, హారిసన్‌లో పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని, కార్ల అద్దాలు గీకితే గాని దారి కనిపించదు. నైటీ మీద శాలువా కప్పుకుని, పాత స్లిప్పర్లు వేసుకుని చెత్తబిన్ రోడ్డు మీదికి లాక్కుపోతున్నాను. ఇంటి ముందు సిమెంటు బాట కొంచెం వాలుగా ఉంటుంది. కుళాయి ఎవరో సరిగా కట్టలేదు, కారిన నీరు రాత్రికి రాత్రి గడ్డకట్టింది. కాలు జారింది. చేతిలో బిన్ వదిలేశాను, అది దబ్బున పడి సీసాలన్నీ దొర్లాయి. నేను మాత్రం పడలేదు. ఆ వాలు మీద చేతులు చాచి, మోకాళ్ళు వంచి, పక్కకు తిరిగి, సరసరా రోడ్డు అంచు దాకా జారి, అక్కడ కుదురుగా ఆగాను.

కిందికి చూసుకున్నాను. నా ఎడమకాలు ముందుంది.

సీసాలు ఏరకుండా మళ్ళీ పైకి నడిచాను. ఈసారి కావాలనే జారాను. ఎడమకాలే ముందు, వేళ్ళ మీద బరువు, వీపు తిన్నగా. మూడేళ్ళుగా కొండ మీద రానిది స్లిప్పర్లతో వాకిట్లో వచ్చేసింది. ఇంకోసారి ఎక్కుతుంటే పై కిటికీ తెరుచుకుంది.

“అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?”

“నాన్నని లేపు!” అని అరిచాను.

మా ఆయన కళ్ళు నులుముకుంటూ హాల్లోకి వచ్చారు. ఆయనకు వీపు పెట్టి నిలబడ్డాను. “నన్ను వెనక నుంచి తొయ్యండి.”

“ఏమైందే పొద్దుగాల్నే?”

“తొయ్యమన్నానా!”

“ఇన్నేండ్ల సంసారంల నువ్వే అడిగినవ్, నాదేం తప్పు లేదు,” అని భుజాల మీద చెయ్యి వేసి తోశారు. నా ఎడమకాలు ముందుకు పడింది. మళ్ళీ తొయ్యమన్నాను. ఎడమకాలే. చెప్పకుండా తొయ్యమన్నాను, కళ్ళు మూసుకున్నాను. ప్రతిసారీ ఎడమకాలే.

సోఫా అంచు మీద కూలబడ్డాను. అంతా ఒక్కసారిగా అర్థమైంది. కుడికాలు! పరీక్షకు బయల్దేరితే కుడికాలు బయట పెట్టు. కొత్త ఇంట్లోకి కుడికాలు పెట్టు. అత్తారింటి గడప మీద బియ్యం చెంబు కుడికాలితో తోసి లోపలికి రా. మా అమ్మ, మా మేనత్తలు, పక్కింటి పిన్నిగారు, అందరూ కలిసి ఆ కాలిని తీర్చిదిద్దారు. ఈ దేశంలో విమానం దిగినప్పుడు కూడా, చేతిలో పిల్ల, భుజాన బ్యాగు, అయినా ఒక్క క్షణం ఆగి చూసుకుని కుడికాలే పెట్టాను. అలాంటిదాన్ని పట్టుకుని, కొత్తగా ఒక పని మొదలుపెట్టబోయే రోజున మెట్టు ఎక్కమంటే ఏ కాలు పెడతాను? ఆ కుర్రవాడు నా సహజగుణం చూస్తున్నాననుకున్నాడు. నేను చూపించింది నా పెంపకం.

ఈ మాట చెప్పగానే మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. గోడ పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. “రేపు గుళ్ళెకు ఎడమకాలు పెట్టి పోకు మళ్ల!”

మా అమ్మాయి మెట్ల మీదే నిలబడిపోయింది. “వెయిట్. సో యూ హావ్ బీన్ రైడింగ్ బ్యాక్‌వర్డ్స్ ఫర్ త్రీ ఇయర్స్? అమ్మా, దట్స్ యాక్చువల్లీ ఇంప్రెసివ్.” బాగా వచ్చిన వాళ్ళే కావాలని అలా వెనక్కి తిరిగి జారడం సాధన చేస్తారట. నాకు ఆ పొగడ్త ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోపమొచ్చింది, నవ్వొచ్చింది, పోయిన మూడేళ్ళూ గుర్తొచ్చాయి. ఒక్క మాట మాత్రం పైకే అన్నాను, “నాకు చేతకాక కాదు.” ఇద్దరూ నవ్వడం ఆపి నావైపు చూశారు.

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి నేరుగా ఫిష్‌విక్ వెళ్ళి, ముక్కూ తోకా ఒకటేలా ఉన్న బోర్డు కొనేశాను. కుడికాలికి మూడేళ్ళ అలవాటుంది, ఎడమకాలికి పుట్టుకతో వచ్చినది ఉంది. కొండ మీదికి పోయాక నా ఒళ్ళు దేని మాట వింటుందో నాకు నమ్మకం లేదు. ఎటు తిప్పినా ఒకటేగా ఉండేదైతే, ఏ కాలు మొండికేసినా రెండోదాన్ని ముందుకు పెట్టి దిగొచ్చు. వంపు మధ్యరకం, నిలబెడితే నా గడ్డం దాకా వస్తుంది, ఆవపిండి రంగు. రంగు నాకు నచ్చలేదు, అయినా అడగలేదు. “గూఫీ, రైట్?” అన్నాడు దుకాణం అబ్బాయి స్క్రూడ్రైవర్ తీసుకుంటూ. “నో. రెగ్యులర్,” అన్నాను. అతను ఒకసారి నావైపు చూసి, ఇన్ని వారాలుగా నేను చెప్పిన మాటల్లో దేన్ని నమ్మాలో తెలియనట్టు తల ఊపి పట్టీలు బిగించాడు.

శనివారం తెల్లవారుజామునే బయల్దేరాం. కూమాలో టీ తాగాం, జిండబైన్ సరస్సు పక్కనుంచి పైకి పోతుంటే ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉంది. నా కాళ్ళు మాత్రం కార్లో ఒక చోట ఉండవు. “ఆ డ్యాష్‌బోర్డుకు బొక్క పడుతది,” అన్నారు మా ఆయన.

మొదటి గంట ఘోరం. ఎడమకాలు ముందు పెట్టి బయల్దేరానే గానీ, చూపు కుడివైపు, భుజాలు ఇంకోవైపు. పిల్లల వాలు మీద, నాలుగేళ్ళ పసివాళ్ళ మధ్య, పోయిన సీజన్ కంటే అన్యాయంగా పడ్డాను. పొద్దుటి గడ్డ మంచు, పడిన ప్రతిసారీ ఎముక చప్పుడు చేసింది. మా అమ్మాయి కింద నిలబడి చూస్తోంది.

“నువ్వు పైకి పో అమ్మడూ. నేను చూసుకుంటాను.”

“ఇట్స్ ఫైన్, అమ్మా.”

ఆ ఫైన్ వినగానే నాకు పట్టుదల కాదు, దుఃఖమే వచ్చింది. ఇదీ పోతే ఇక చేసేదేమీ లేదు, నేరుగా కెఫేకు పోవడమే. మంచులో కూర్చుని ఒక నిమిషం నిజంగానే పట్టీలు విప్పబోయాను. మళ్ళీ ఏమనుకున్నానో, విప్పకుండానే లేచాను.

ఎండ పైకెక్కే కొద్దీ మంచు మెత్తబడింది. ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ఒకసారి మోకాళ్ళు వంచి, ముందున్న కాలి మీద బరువు వేసి, దిగే వైపే చూస్తూ వేళ్ళ మీదికి వాలాను. బోర్డు తిరిగింది. పడతానని కళ్ళు మూసుకున్నాను, పడలేదు. మళ్ళీ మడమల మీదికి, మళ్ళీ వేళ్ళ మీదికి. కింద మా అమ్మాయి రెండు చేతులూ ఎత్తి కేకలు పెడుతోంది. పసివాళ్ళ టీచరు ఒకామె వెనక్కి తిరిగి చూసింది.

“కమాన్, అమ్మా. టాప్!” అంది అది నా చెయ్యి పట్టుకుని లాగుతూ.

మూడేళ్ళలో మొదటిసారి, కుర్చీల్లో కొండ పైదాకా మోసుకుపోయే ఆ పెద్ద లిఫ్ట్ ఎక్కాను. కాళ్ళ కింద చెట్ల కొమ్మలు, వాటి మీద మంచు, అంత దూరాన చీమల్లా మనుషులు. భయమేసింది, దాని మోచెయ్యి పట్టుకున్నాను. పైన దిగి పట్టీలు బిగించుకుని, ఇద్దరం కలిసి బయల్దేరాం. మొదటి మలుపులో ఆగి వెనక్కి చూసింది. నేను దాని పక్కకు వచ్చి ఆగాను. రెండో మలుపులోనూ అంతే. మూడోదాని దగ్గర అది ఆగలేదు, నేనూ ఆగలేదు. కుడివైపు అది, ఎడమవైపు నేను, మధ్యలో ఒక మంచం వెడల్పంత దూరం. దాని నవ్వు వినిపిస్తోంది. నేను కోరుకున్నది ఇదే, ఇంతే. కిందికి చేరాక ఊపిరి అందక ఇద్దరం మంచులో పడుకుని నవ్వుకున్నాం.

మళ్ళీ ఎక్కాం. పైన లిఫ్ట్ దిగేసరికి దాని స్నేహితురాళ్ళు అక్కడే ఉన్నారు. అటువైపు ఏటవాలుగా ఉన్న దారి చూపిస్తూ రమ్మని చేతులు ఊపారు. అది నావైపు చూసింది.

“అమ్మా, విల్ యూ బీ ఓకే?”

“పో.”

“ఆర్ యూ ష్యూర్?”

“నేను దిగుతాలే. పో అమ్మడూ, వాళ్ళు ఆగరు.”

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. నేను దిగగలనని దానికి నమ్మకం కుదిరినట్టుంది. ఒక్క గెంతుతో బోర్డు తిప్పి, వాళ్ళ వెనకాలే పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. మలుపు దగ్గర ఆగుతుందనుకున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి కూడా సగం ఎత్తాను.

ఆగలేదు, వెనక్కి చూడలేదు. దాని నీలం కోటు చెట్ల వెనక్కి తిరిగి కనిపించకుండా పోయింది.

దాని పక్కన ఉండాలని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక, అది నా పక్కన ఉండాల్సిన పని లేకుండా పోయింది. ఇంత తేలిగ్గా జరుగుతుందని తెలియదు. కెఫేలో ఆయన పక్కన కూర్చుని ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదేమో. చుట్టూ ఎవరెవరో పట్టీలు బిగించుకుని, ఒకరినొకరు పిలుచుకుంటూ దిగిపోతున్నారు. నన్ను పిలిచేవాళ్ళు లేరు, నాకోసం ఆగేవాళ్ళు లేరు. చెయ్యి దించుకుని, బోర్డు కిందికి తిప్పాను.

గాగుల్స్ లోపల ఏడుస్తూనే కొండ కిందిదాకా దిగాను. ఒక్కచోట కూడా పడలేదు.